నడి ఊళ్లో రయ్... రయ్!

రోజూ మనం తిరిగే రోడ్డే వారాంతానికి రేసు ట్రాక్‌ అయిపోతే? కొన్ని నగరాలకు అది ఏటేటా వచ్చే పండగ. కొన్నిటికి మూడునాళ్ల ముచ్చట. ఇంకొన్నిటికి కోర్టులు, కేసులు, తీరని బాకీలు. ఈ తేడా ఎక్కడ మొదలవుతోంది?

డెట్రాయిట్‌లో జెఫర్సన్ అవెన్యూ అంటే ఊరికి నడిబొడ్డు. పొద్దున్నే ఆఫీసులకు పోయే కార్లు, సిటీ బస్సులు, సిగ్నల్ పడితే బారులు తీరే ట్రాఫిక్. వేసవి మొదట్లో మూడు రోజులు మాత్రం అక్కడ సిగ్నళ్లకు పనుండదు. రోడ్డుకు అటూ ఇటూ కాంక్రీటు గోడలు లేస్తాయి, వాటిమీద ఇనుప వలలు నిలుస్తాయి. ఆ గోడల మధ్య కిలోమీటరుకు పైగా తిన్నగా సాగే దారిలో ఇండీకార్లు (అమెరికా రేసు కార్లు) గంటకు 270 కిలోమీటర్లు దాటి దూసుకొస్తాయి. దారి చివర హెయిర్‌పిన్ మలుపు. అందరూ ఒకేసారి బ్రేకులు తొక్కాల్సిన చోటు అది. 2023 జూన్ 4న ఇక్కడ జరిగిన తొలి రేసులో మొదటి ల్యాపు పూర్తికాకముందే ఆ మలుపులో కార్లు గుద్దుకున్నాయి. వంద ల్యాపుల్లో ఏడుసార్లు ప్రమాద హెచ్చరికగా పసుపు జెండా ఊపాల్సి వచ్చింది. ఆ గందరగోళంలోంచి ముందుగా బయటపడి గెలిచింది స్పెయిన్ కుర్రాడు అలెక్స్ పాలూ.

ఈ రేసుకు పచ్చజెండా ఊగింది మాత్రం అంతకు ఏడాదిన్నర ముందు, నగర కౌన్సిల్ సమావేశంలో. ఊరి నడిబొడ్డుకు దూరంగా, నది మధ్య ద్వీపంలో ఏళ్లుగా జరుగుతున్న పోటీని నగరం నడిమధ్యకు తెచ్చుకునేందుకు డెట్రాయిట్ కౌన్సిల్ 2021 నవంబరులో ఒప్పుకుంది. అప్పటికి ఆ నగరం దివాలా తీసి ఎనిమిదేళ్లే అయింది. 1950లో 18 లక్షలు దాటిన జనాభా 2020 నాటికి 6.39 లక్షలకు పడిపోయింది. 2013 జులైలో కోర్టుకెళ్లి చేతులెత్తేసినప్పుడు, అమెరికాలో అంతకుముందెన్నడూ అంత పెద్ద నగరం దివాలా తీయలేదు. అలాంటి ఊరు తన ప్రధాన వీధిని మూసి రేసు పెట్టుకుంటానంటే ఎవరికైనా అనుమానం రావాలి. అక్కడి జనానికీ వచ్చింది. ఆ అనుమానాలకు నిర్వాహకులు ఏం జవాబు చెప్పారన్నదే ఈ కథలో అసలు విషయం.

ద్వీపం నుంచి వీధికి

డెట్రాయిట్‌కు వీధి రేసు కొత్త కాదు. 1982 నుంచి 1988 దాకా ఫార్ములా వన్ ఈ వీధుల్లోనే పరుగెత్తింది. చివరి మూడేళ్లూ గెలిచింది అయర్టన్ సెన్నా. 1988లో ఎండ వేడికి రోడ్డు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది. కార్లు ఆగి టైర్లు మార్చుకునే పిట్‌లు పక్కా కట్టడాలుగా ఉండాలని ఫార్ములా వన్ పెద్దలు పట్టుబట్టారు. నగరం ఆ ఖర్చుకు సిద్ధపడలేదు. ఫార్ములా వన్ వెళ్లిపోయింది, దాని స్థానంలో అమెరికా సొంత ఇండీకార్ల పోటీ వచ్చింది. మూడేళ్ల తర్వాత, 1992లో అదీ బెల్ ఐల్ ద్వీపానికి మారింది.

బెల్ ఐల్ ఊరి జనమంతా సేదదీరే ఉద్యానవనం. న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు రూపమిచ్చిన ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్ దీనికీ ప్రణాళిక గీశాడు. రేసంటే మూడు రోజులే కానీ గోడలు పేర్చడానికి, మళ్లీ విప్పడానికి వారాలు పడుతుంది. చలి వదిలి జనం పార్కు బాట పట్టే రోజుల్లోనే అక్కడ క్రేన్లు, లారీలు తిరిగేవి. పిల్లలతో పిక్నిక్‌కు వచ్చినవాళ్లకు కాంక్రీటు దిమ్మెలు ఎదురయ్యేవి. ఇది మా పార్కు, మీ ట్రాక్ కాదంటూ స్థానికులు ఏళ్ల తరబడి పోరాడారు. 2012లో ట్రాక్ మీద వేసిన అతుకులు కార్ల ధాటికి ఊడిపోయి, రేసు సుమారు రెండు గంటలు ఆగిపోయింది కూడా. 2022 జూన్‌లో జరిగింది ఆ ద్వీపం మీద ఆఖరి రేసు.

రేసును ఊళ్లోకి తేవాలన్న ప్రయత్నం వెనకున్నది రోజర్ పెన్‌స్కీ సంస్థ. ఆయన ఒకప్పటి రేసరు, తర్వాత వాహన వ్యాపార దిగ్గజం, 2020 నుంచి ఇండీకార్ సిరీస్‌కు, ఇండియానాపొలిస్ స్పీడ్‌వేకు యజమాని. ఆగిపోయిన డెట్రాయిట్ రేసుకు 2007లో మళ్లీ ప్రాణం పోసిందీ ఆయనే. వీధి రేసు ప్రతిపాదనలో జనానికి బాగా నచ్చిన మాట ఒకటుంది: రేసు జరిగే ప్రాంతంలో సగానికి పైగా టికెట్ లేకుండానే తిరగవచ్చు. శుక్రవారం ప్రాక్టీసు చూడటం అందరికీ ఉచితం. నది ఒడ్డున హార్ట్ ప్లాజా దగ్గరికి నడిచొచ్చి ఎవరైనా కార్లను చూడొచ్చు. రోడ్డు మూసిందన్న కోపం ఉన్నవాడు కూడా అదే రోడ్డు పక్కన నిలబడి పైసా ఖర్చు లేకుండా రేసు చూడొచ్చన్నమాట.

ట్రాక్ పొడవు సుమారు 1.7 మైళ్లు, తొమ్మిది మలుపులు. చోటు చాలక పిట్ లేన్‌ను రెండు పాయలు చేశారు. సగం కార్లు ఎడమ పక్క, సగం కుడి పక్క ఆగుతాయి. టైర్లు మార్చుకున్నాక రెండు వరసలూ ఒకే దారిలో కలిసి బయటికి ఉరకాలి. అక్కడ తాకకుండా బయటపడటమే ఒక విద్య. రోడ్డు మరీ ఎగుడుదిగుడని రేసర్లు మొత్తుకున్నారు. ఇండీకారుకు పవర్ స్టీరింగ్ ఉండదు, రోడ్డు మీది ప్రతి గతుకూ నేరుగా మణికట్టుకు తగులుతుంది. అయినా పోటీ ఆగలేదు. 2024లో న్యూజిలాండ్‌కు చెందిన స్కాట్ డిక్సన్, 2025లో కైల్ కిర్క్‌వుడ్ గెలిచారు.

తెలుగువాళ్లకూ ఈ వీధులు పరాయివి కావు. డెట్రాయిట్ శివార్లు నోవై, ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజినీర్ల కుటుంబాలు దశాబ్దాలుగా ఉన్నాయి. 2015లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు జరిగిన, అప్పట్లో కోబో సెంటర్‌గా పిలిచిన భవనం ఇదే నది ఒడ్డున, ఈ ట్రాక్‌కు కూతవేటు దూరంలోనే ఉంది.

చక్రాలు బయటుంటే...

ఓపెన్ వీల్ కారంటే చక్రాలు బాడీ లోపల దాగకుండా బయటికి కనిపించేది. ఒక్కరే కూర్చునే సన్నటి కారు. ఫార్ములా వన్, ఇండీకార్, ఫార్ములా ఫోర్ అన్నీ ఈ కుటుంబమే. మామూలు కారు మరో కారును రాసుకుంటే సొట్టతో పోతుంది. వీటిలో వెనక కారు ముందు చక్రం, ముందు కారు వెనక చక్రాన్ని తాకితే రెండు టైర్ల తిరుగుడుకు కారు గాల్లోకి లేచే ప్రమాదం ఉంది. మైదానంలో కట్టిన ట్రాక్‌లో అయితే అదుపు తప్పిన కారు ఆగడానికి ఇసుకో గడ్డో ఉంటుంది. వీధిలో ఆ వెసులుబాటు లేదు. గీత దాటితే గోడే.

అందుకే వీధి రేసును ఇష్టపడేవాళ్లు ప్రాణం పెట్టి ఇష్టపడతారు. తప్పుకు చోటులేని దారిలో, గోడకు చెయ్యి వెడల్పు దూరంలో గంటల తరబడి కారు నడపడం చూసినవాళ్లు అంత తేలిగ్గా మరిచిపోలేరు.

ట్రావెల్ ఏజెంటుకు వచ్చిన ఆలోచన

మొనాకోలో 1929 నుంచే వీధి రేసు ఉంది. ఆ ముచ్చటను అమెరికా నగరాలకు అంటించినవాడు క్రిస్ పుక్. ఇంగ్లండులో పుట్టి, కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో ట్రావెల్ ఏజెన్సీ నడిపేవాడు. రేడియోలో ఇండియానాపొలిస్ రేసు వింటుంటే, ఇలాంటిది మా ఊరి వీధుల్లో ఎందుకు పెట్టకూడదు అనిపించింది. అప్పటి లాంగ్‌బీచ్ దిగాలుగా ఉన్న రేవు పట్నం. సముద్రం ఒడ్డున పాతబడ్డ భవనాలు, పెద్దలకు మాత్రమే అనే సినిమాహాళ్లు. పాత ఓడ క్వీన్ మేరీని 1967లో తెచ్చి ఒడ్డున కట్టేసినా పర్యాటకులు ఆశించినంతగా రాలేదు.

పుక్ ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాడు. రేసర్ డాన్ గర్నీని వెంటేసుకున్నాడు. నగర కౌన్సిల్‌ను ఒప్పించాడు, తీరప్రాంత కమిషన్ ముందు నిలబడ్డాడు. 1975 సెప్టెంబరు 28న ఫార్ములా 5000 కార్లతో తొలి రేసు జరిగింది. గెలిచింది బ్రయన్ రెడ్‌మన్. ఇది ఒకరకంగా పరీక్షే. అందులో నెగ్గడంతో 1976 మార్చిలో ఫార్ములా వన్ వచ్చింది, ఫెరారీలో క్లే రెగాజోనీ గెలిచాడు. మరుసటేడు అమెరికా హీరో మారియో ఆండ్రెట్టి గెలవడంతో ఊరికి ఆ రేసు మీద మమకారం పుట్టింది.

చేదు రోజులూ ఉన్నాయి. 1980లో అదే రెగాజోనీ కారు బ్రేకులు పడక, అప్పటికే ఆగిపోయి పక్కన నిలిపి ఉన్న కారును గుద్ది గోడలోకి దూసుకెళ్లింది. నాలుగేళ్ల కిందట విజేతగా చేతులూపిన మనిషి ఆ తర్వాత జీవితమంతా చక్రాల కుర్చీలో గడిపాడు. మరోవైపు 1983లో జాన్ వాట్సన్ ఇరవై రెండో స్థానం నుంచి బయల్దేరి మొదటివాడిగా వచ్చాడు. ఫార్ములా వన్‌లో అంత వెనకనుంచి వచ్చి గెలిచినవాడు ఇప్పటికీ మరొకడు లేడు.

ఫార్ములా వన్ అడిగే సొమ్ము ఏటేటా పెరుగుతుంటే పుక్ లెక్కలు వేసుకున్నాడు. 1984 నుంచి దాన్ని వదిలేసి, ఖర్చు తక్కువయ్యే ఇండీకార్ల వైపు మళ్లాడు. పేరు కోసం తాహతుకు మించి పోకపోవడమే లాంగ్‌బీచ్‌ను నిలబెట్టింది. 2025 ఏప్రిల్‌లో ఆ రేసు యాభయ్యో ఏడు జరుపుకొంది. అరిగిపోయిన తీరం ఇప్పుడు హోటళ్లు, కన్వెన్షన్ సెంటర్, అక్వేరియంలతో కళకళలాడుతోంది. అదంతా రేసు పుణ్యమేనంటే అతిశయోక్తే. ఊరి పేరు ప్రపంచానికి వినిపించడంలో మాత్రం రేసు వాటా చాలా పెద్దది.

మ్యాన్‌హోల్ మూత దగ్గర మొదలు

వీధిని ట్రాక్‌గా మార్చడమంటే గోడలు పేర్చడంతో అయిపోదు. స్పీడ్ బ్రేకర్లు తీసేయాలి, డివైడర్లు తొలగించాలి, అతుకులు సాపు చేయాలి, దీపస్తంభాలను కాపాడాలి. అన్నిటికంటే మొండి ఘటం మ్యాన్‌హోల్ మూత. ఈ కార్ల అడుగుభాగం గాలిని లాగుతూ కారును రోడ్డుకు అదిమిపెట్టేలా ఉంటుంది. మామూలు కారు వందసార్లు మీదుగా వెళ్లినా కదలని మూతను రేసు కారు ఒక్కసారికే పైకి లాగేయగలదు. అందుకే మూతలను వెల్డింగ్ చేసి బిగిస్తారు.

ఎంత బిగించినా నమ్మకం లేదు. 2023 నవంబరులో లాస్‌వేగస్‌లో కోట్లు గుమ్మరించి ఫార్ములా వన్ రేసు పెట్టారు. మొదటి ప్రాక్టీసు మొదలై పది నిమిషాలైనా కాలేదు. రోడ్డు మీది వాటర్ వాల్వ్ మూత లేచి కార్లోస్ సైంజ్ ఫెరారీ అడుగును చీల్చేసింది. ప్రాక్టీసు ఆగిపోయింది. సిబ్బంది మిగతా మూతలన్నీ ఒక్కొక్కటే వెతికి తారు, ఇసుకతో పూడ్చారు. రెండో ప్రాక్టీసు తెల్లవారుజామున 2.30కు మొదలైంది. డబ్బుపెట్టి టికెట్ కొన్న జనాన్ని అంతకు గంట ముందే ఇళ్లకు పంపేశారు. పాడైన బ్యాటరీ మార్చినందుకు తప్పేమీ లేని సైంజ్ పది స్థానాలు వెనక నుంచి బయల్దేరాల్సి వచ్చింది.

అంతకు నాలుగేళ్ల ముందు అజర్‌బైజాన్ రాజధాని బాకూలోనూ ఇదే జరిగింది. మూత తగిలి జార్జ్ రసెల్ కారు ధ్వంసమైంది. దాన్ని మోసుకెళ్తున్న లారీ క్రేన్ దారిలో వంతెనకు తగిలి, క్రేన్‌లోని నూనె ఆ కారు మీదే కారింది.

సంబరం ముగిశాక బిల్లులు

బాల్టిమోర్ కథ వింటే గుండె తరుక్కుపోతుంది. 2011 సెప్టెంబరు మొదట్లో ఓడరేవు ఒడ్డున ఇండీకార్ రేసు పెట్టారు. ప్రాట్ వీధిలో లైట్ రైల్ పట్టాలు ట్రాక్‌ను అడ్డంగా దాటుతాయి. కార్లు ఆ పట్టాల మీద ఎగిరిపడకుండా వేగం తగ్గించే మలుపు పెట్టాల్సి వచ్చింది. స్టాండ్ల కోసం చెట్లు కొడుతుంటే నగరవాసులు కోర్టుకెళ్లారు. రేసు మాత్రం అదిరింది. టీవీలో చూసినవాళ్లు, ఇంత అందమైన ఊరా ఇది అన్నారు. లెక్కలు తేలేసరికి నిర్వాహక సంస్థ అప్పుల్లో మునిగి ఉంది. పన్నులు, బిల్లులు పేరుకుపోయాయి. ఏడాది తిరిగేలోగా నగరం ఒప్పందం రద్దు చేసింది. తర్వాత రెండేళ్లు వేరేవాళ్లు నెట్టుకొచ్చారు. 2013తో రేసు ఆగిపోయింది.

బోస్టన్‌లో అసలు కారే కదల్లేదు. 2016 సెప్టెంబరులో సీపోర్ట్ ప్రాంతంలో రేసు జరుగుతుందని ముందే ప్రకటించారు, టికెట్లు అమ్మారు. వివరాలు అడిగిన స్థానికులకు సరైన జవాబు దొరకలేదు. వాళ్లు సంఘం పెట్టుకుని ప్రతి అనుమతినీ నిలదీశారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో నిర్వాహకులు తట్టాబుట్టా సర్దుకున్నారు, తర్వాత దివాలా ప్రకటించారు. టికెట్ కొన్నవాళ్లు డబ్బు కోసం ఎదురుచూడాల్సి వచ్చింది. రాష్ట్ర అటార్నీ జనరల్ రంగంలోకి దిగాల్సి వచ్చింది.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక్క రోజు

2023 ఫిబ్రవరి 11. హైదరాబాద్ మరిచిపోలేని రోజు. కొత్త సచివాలయం పక్కన, ఎన్టీఆర్ మార్గ్ మీద, హుస్సేన్‌సాగర్ గాలి తగులుతుండగా ఫార్ములా ఈ విద్యుత్ కార్లు పరుగెత్తాయి. 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు. భారతదేశంలో ఫార్ములా ఈ జరగడం అదే తొలిసారి. స్టాండ్లు కిక్కిరిశాయి. ఫ్రాన్స్ రేసర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అతని జట్టు డీఎస్ పెన్‌స్కీ యజమాని జే పెన్‌స్కీ, డెట్రాయిట్ రేసు నడిపే రోజర్ పెన్‌స్కీ కుమారుడే.

అంతకుముందు 2022 నవంబరులో ఇక్కడే ఇండియన్ రేసింగ్ లీగ్ మొదలుపెట్టినప్పుడు ఆ వారాంతం అనుకున్న పోటీలు పూర్తికాలేదు. రెండుసార్లూ ఖైరతాబాద్, లక్డీకాపూల్ వైపు జనం ట్రాఫిక్‌లో నలిగిపోయారు. వినాయక నిమజ్జనానికి ఇవే రోడ్లు మూస్తే నగరం సర్దుకుపోతుంది. ఎందుకంటే మూసిన రోడ్డు మీద నడిచేది తామే, ఆ ఊరేగింపు తమదే. రేసుకు మూసినప్పుడు చాలామందికి దక్కింది బారికేడ్ అవతలి చప్పుడే.

2024 ఫిబ్రవరిలో రెండో రేసు జరగాలి. ఒప్పందం 2023 అక్టోబరు 30న, అసెంబ్లీ ఎన్నికలకు సరిగ్గా నెల ముందు కుదిరింది. ప్రభుత్వం మారింది. ఒప్పందాన్ని పురపాలక శాఖ నెరవేర్చబోవడం లేదంటూ 2024 జనవరి 5న ఫార్ములా ఈ సంస్థ రేసును రద్దు చేసింది. ఆ ఏడాది డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టింది. అవసరమైన అనుమతులు లేకుండానే సుమారు రూ.55 కోట్లు చెల్లించారన్నది ఆరోపణ. నగరానికి పేరు తేవడానికే చేశామని, తప్పేమీ జరగలేదని ఆరోపణలు ఎదుర్కొంటున్నవారు చెబుతున్నారు. ఆ సంగతి తేల్చాల్సింది చట్టం. నగరం పోగొట్టుకున్నది మాత్రం కళ్లముందే ఉంది. ఒక్క ఏడాదికే రేసు పోయింది.

చెన్నై 2024లో వేరే దారిలో వెళ్లింది. ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల ట్రాక్ మీద దేశంలో తొలి రాత్రి వీధి రేసు పెట్టాలనుకున్నారు. 2023 చివర్లో మిచౌంగ్ తుపానుతో ఒకసారి వాయిదా పడింది. మద్రాస్ హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ఆస్పత్రుల దారి ఏమవుతుంది, శబ్దం సంగతేంటి, ప్రభుత్వ సొమ్ము ఎందుకు పెట్టాలి అన్న ప్రశ్నలన్నీ బహిరంగంగా చర్చకొచ్చాయి. కోర్టు షరతులతో అనుమతించింది. ఆగస్టు 31న మోటారు క్రీడల అంతర్జాతీయ సమాఖ్య లైసెన్సు ఆలస్యమైతే న్యాయస్థానం గడువు పొడిగించింది. ఆ రాత్రీ మర్నాడూ ఫార్ములా ఫోర్ కార్లు పరుగెత్తాయి. ఊపిరి బిగబట్టాల్సి వచ్చిందన్నది నిజమే. కానీ ప్రశ్నలన్నీ రేసుకు ముందే వచ్చాయి, జవాబులూ ముందే చెప్పాల్సి వచ్చింది.

అడగాల్సినవి ముందే అడగాలి

కొత్త నగరాలు వరసలో ఉన్నాయి. టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్ తన రెండు పెద్ద స్టేడియాల చుట్టూ 2.73 మైళ్ల ఇండీకార్ వీధి ట్రాక్‌ను 2024 అక్టోబరులోనే ప్రకటించింది. రేసుకు పెట్టుకున్న ముహూర్తం 2026 మార్చి. డాలస్ చుట్టుపక్కల ఉన్న వేలాది తెలుగు కుటుంబాలకు అది గంటలోపు ప్రయాణం.

హైదరాబాద్‌కూ మళ్లీ అలాంటి రోజు రావాలి. వచ్చినప్పుడు ఒప్పందం రహస్య ఫైలులో ఉండకూడదు. ఎవరెంత ఇస్తున్నారు, నష్టమొస్తే ఎవరు భరిస్తారు, ఏ రోడ్డు ఎన్ని రోజులు మూస్తారు, నిమ్స్‌కు వెళ్లే అంబులెన్సు ఏ దారిన పోతుంది, టికెట్ కొనలేనివాడు ఎక్కడ నిలబడి చూస్తాడు... ఇవన్నీ తెలుగులో రాసి, మూడు నాలుగు నెలల ముందే జీహెచ్ఎంసీ వెబ్‌సైట్‌లోనూ వార్డు ఆఫీసుల గోడల మీదా పెట్టాలి. పాలక మండలిలో చర్చించి, ఓటు వేసి, ఎవరు ఎటు వేశారో రాసుకోవాలి. ఎన్నికల్లో ప్రభుత్వం మారినా కొనసాగేలా ఒప్పందానికి అన్ని అనుమతులూ పక్కాగా ఉండాలి. చూడటానికి వచ్చే జనానికి కొరత ఉండదు. 2023 ఫిబ్రవరిలో ఎండను లెక్కచేయకుండా సాగర్ ఒడ్డున స్టాండ్లు నింపినవాళ్లు ఆ సంగతి ఎప్పుడో తేల్చేశారు.